సార్, ఎందుకండీ?

మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదటి పీరియడులో తెలుగు పాఠం చెప్పడమంత కష్టమైన ఉద్యోగం ఇంకొకటి ఉండదని నా నమ్మకం. పిల్లలు కడుపునిండా తిని వస్తారు. కిటికీలోంచి చల్లగాలి వీస్తూంటుంది. పోతనగారి పద్యం ఎంత తియ్యగా చదివితే వాళ్ళకి అంత తొందరగా నిద్ర పడుతుంది. పద్యం బాగా చదవడం కూడా ఒక్కొక్కప్పుడు నేరమే సుమండీ!

కిందటి నెలలో అలాంటి పీరియడులోనే గజేంద్రమోక్షం చెబుతున్నాను. భాగవతం, అష్టమ స్కంధం. ఏనుగు మడుగులో దిగింది. మొసలి పట్టుకుంది. వెయ్యేళ్ళు పోరాడాయి. ఏనుగుకు బలం తగ్గింది. దేవుణ్ణి పిలిచింది. ఇంతవరకూ వచ్చి, ఆ పై పద్యం కూడా చదివి, తాత్పర్యం చెప్పి పేజీ తిప్పబోతూండగా మూడో బెంచీ చివర కూర్చునే కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. ఏడాది మొత్తం మీద ఆ అబ్బాయి నోరు విప్పగా నేను చూడలేదు. హాజరు పలికేటప్పుడు కూడా పక్కవాడికి మాత్రమే వినబడేటట్టు పలుకుతాడు.

"సార్, ఎందుకండీ?" అన్నాడు.

అంతే. ఏది ఎందుకో చెబుతాడేమోనని రెండు క్షణాలు చూశాను. చెప్పలేదు. చేతిలో పుస్తకం నలుపుతూ నిలబడ్డాడు.

"ఎందుకేమిటోయ్! పది మార్కుల కోసం!" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి నవ్వారు. ఆ అబ్బాయి కూడా కొంచెం నవ్వినట్టే చేసి కూర్చున్నాడు. నేను పేజీ తిప్పాను. పాఠం హాయిగా సాగిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి ఈ సంగతి చెప్పాను. నా సమయస్ఫూర్తికి ఆవిడ కూడా నవ్వుతుందని ఆశ.

"బాగుంది. ఇంతకీ ఆ అబ్బాయి దేన్ని గురించి అడిగాడండీ?" అన్నది.

"నాకేం తెలుసు? వాడు చెబితేగా?"

"మీరు అడిగితేగా?" అని మజ్జిగ పోసింది.

ఆ రోజు మజ్జిగన్నం నాకు రుచించలేదు. ఇరవై ఏళ్ళకు దగ్గరపడుతోంది నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టి. జవాబులు ఎలా వ్రాయాలో వేలమందికి చెప్పాను. ప్రశ్న ఎలా అడగాలో ఒక్కడికైనా చెప్పానా? సరిగా అడగలేనివాడు అడిగినప్పుడు ఏం చెయ్యాలో నేనైనా నేర్చుకున్నానా? ఆ రాత్రి చాలాసేపు ఇదే ఆలోచన.

కుదురుగా లేని ప్రశ్నలు మన ఇళ్ళల్లో తెల్లవారి లేచింది మొదలు వినబడుతూనే ఉంటాయి. "ఏమే, అది ఎక్కడ పెట్టావు?" అంటాం. అది ఏదో చెప్పం. ఇల్లాలు గనక చెప్పకపోయినా తెలుసుకుని కళ్ళజోడు చేతికిస్తుంది. దీన్ని సగం ప్రశ్న అనవచ్చు. అడిగేవాడి మనసులో ప్రశ్న పూర్తిగానే ఉంటుంది; నోట్లోంచి మాత్రం సగమే బయటికి వస్తుంది. మిగతా సగం ఎదుటివాడికి తెలిసే ఉంటుందని అనుకుంటాడు. మా కుర్రవాడి ప్రశ్న ఈ జాతిదే.

రెండోది మూట ప్రశ్న. పది సందేహాలు కలిపి ఒకే మూటగా కట్టి మన నెత్తిన పెడతారు. "తెలుగు ఛందస్సంతా ఒకసారి చెప్పండి సార్" అని పరీక్షకి రెండు రోజుల ముందు వచ్చేవాడిది ఇదే. మూడోది ముసుగు ప్రశ్న. మా వీధిలో ఒక పెద్దమనిషి నెలకోసారి ఆపి, "లెక్చరరు గారూ, మావాడిని ఏం చదివించమంటారు?" అని అడుగుతాడు. కోర్సుల పేర్లన్నీ ఏకరువు పెడతాను. తల ఊపి వెళ్ళిపోతాడు. మళ్ళీ నెలకి మళ్ళీ అదే. చివరికి ఒకనాడు "అబ్బాయికి ఏది ఇష్టం?" అని అడిగితే, కొడుకు తనతో మాట్లాడడం మానేసి ఏడాది దాటిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన అడుగుతూ వచ్చింది కోర్సుల సంగతి కానే కాదు.

నాలుగోది సోమరి ప్రశ్న. పుస్తకం తెరిస్తే కనబడేదాన్ని పుస్తకం తెరవకుండా అడగడం. నిజమే, ఇదీ ఉంది. కాని నా అనుభవంలో మనకి చిక్కేమిటంటే, మొదటి మూడు రకాలనూ కూడా ఈ నాలుగో రకమే అనుకుని కసురుతాం. మాట కుదరనివాణ్ణి ఆలోచన లేనివాడి కింద జమకడతాం.

మాట కుదరకపోవడం నేరమైతే డాక్టర్లు బతకలేరు. మా వీధి చివర ఒక డాక్టరు గారున్నారు. ఆయన దగ్గరికి పోయిన ముసలమ్మ, "ఒంట్లో బాగాలేదు నాయనా" అంటుంది. అంతకన్న సగం ప్రశ్న ఇంకొకటి ఉంటుందా? ఆయన "సరిగా చెప్పు" అనడు. "ఎప్పట్నించమ్మా? ఎక్కడ నొప్పి? అన్నం తినకముందా, తిన్నాకనా? రాత్రి నిద్ర పడుతోందా?" అని ఒక్కొక్కటే అడుగుతాడు. పది నిమిషాలకి ముసలమ్మ బాధకి ఒక రూపం వస్తుంది. ఇంకోసారి వచ్చేటప్పటికి ఆవిడే, "రెండు రోజుల్నించి బాబూ, అన్నం తిన్నాక, ఇదిగో ఇక్కడ" అంటుంది. చెప్పుకోవడం ఎలాగో ఆయన ఉపన్యసించలేదు. తాను అడిగిన తీరులోనే ఆవిడకి నేర్పాడు.

నలుగురిలో తప్పు దిద్దవలసి వస్తే ఎలాగన్నది ఇంకో చిక్కు. దానికి నేను చూసిన మంచి ఉదాహరణ ఒక అవధాన సభలో ఉంది. అష్టావధానం సంగతి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఎనిమిదిమంది పృచ్ఛకులు, సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన మొదలైన వాటితో అవధానిని చుట్టుముడతారు. నడుమ నడుమ అప్రస్తుత ప్రసంగం చేసేవాడొకడు. ప్రశ్నలు అడగడాన్నే ఒక కళగా చేసుకున్న జాతి మనది. అందులో పృచ్ఛకుడిగా కూర్చోవడం కూడా గౌరవమే.

నేను చెప్పే సభలో సమస్య ఇచ్చినవాడు కుర్రవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుడు. మొదటిసారి వేదిక ఎక్కాడు. చేతిలో కాగితం వణుకుతోంది. ఉత్పలమాల పాదం చదివాడు. చదవగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు పండితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలుండాలి. ఆ పాదంలో 19 వచ్చాయి. ఎక్కడో ఒక లఘువు జారిపోయింది. వెనకనుంచి ఎవరో చిన్నగా నవ్వారు కూడా.

అవధానిగారు వృద్ధులు. కళ్ళు మూసుకుని పాదాన్ని ఒకసారి తనలో తాను చదువుకున్నారు. తర్వాత, "నాయనా, భావం చాలా చమత్కారంగా ఉంది. నాకు మాత్రం 19 అక్షరాలే వినబడ్డాయి. ఇరవయ్యోదాన్ని మైకు మింగిందో, నా ముసలి చెవి మింగిందో! ఆ మూడో మాట చివర ఒక 'ను' ఉందనుకోనా?" అన్నారు.

కుర్రవాడు కాగితం చూసుకున్నాడు. మొహం ఎర్రబడింది. "ఉండాలండీ. నేనే వదిలేశాను" అన్నాడు.

"అయితే ఇప్పుడు పద్యం నిలబడింది. మొదటి పాదం అందుకో" అని అవధానిగారు పూరణ ప్రారంభించారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో కుర్రవాడికీ వాటా దక్కింది.

ఇంటికి వస్తూ ఆ సంగతి ఆలోచించాను. అవధానిగారు తప్పు దాచలేదు. 19 అని లెక్క చెప్పారు. ఎక్కడ పోయిందో చూపించారు. ఏం చేరిస్తే సరిపోతుందో చెప్పారు. కాని వీటన్నిటికంటే ముందు, ప్రశ్నలో బాగున్నదేమిటో చెప్పారు. అదీ మెచ్చుకోలు కోసం చెప్పింది కాదు. "నీవు చెప్పదలచుకున్నది నాకు అందింది" అని తెలియజెయ్యడం. అది తెలిసినవాడు దిద్దుబాటును భరిస్తాడు. తెలియనివాడికి దిద్దుబాటు చెంపదెబ్బలాగే ఉంటుంది.

మా స్టాఫు రూములో గణితం చెప్పే మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయనతో ఈ మాట అంటే, "మీ పద్యాలలోనే కాదు, మా లెక్కల్లోనూ ఉందయ్యా ఈ కథ" అని రామానుజన్ ఉత్తరాల సంగతి ఎత్తాడు. నాకు లెక్కలు రావు గాని ఉత్తరాల సంగతయితే ఆసక్తే.

1912లో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా. ఏడాదికి 20 పౌన్ల జీతం. పట్టా లేదు. నోటు పుస్తకాల నిండా సూత్రాలు మాత్రం ఉన్నాయి. మద్రాసు ఇంజనీరింగు కాలేజీలో గ్రిఫిత్ అనే ఆచార్యుడు వాటిలో కొన్నింటిని లండన్‌లో ఉన్న తన పాత గురువు హిల్‌కు పంపించాడు. అందులో ఒకటి చూడండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ అంతులేకుండా కూడుకుంటూ పోతే మొత్తం ఎంతట? మైనస్ పన్నెండో వంతట! మామూలు కూడిక అనుకుని చదివితే ఇది పిచ్చి. మరొక ప్రత్యేకమైన అర్థంలో చూస్తే సరైన మాటేనని మా మిత్రుడు చెప్పాడు. తాను ఏ అర్థంలో అంటున్నాడో రామానుజన్ చెప్పలేదు. అంటే ఇదీ సగం ప్రశ్నే అన్నమాట.

హిల్ చెడ్డవాడేమీ కాదు. ఆ కాగితాలు చదివాడు. ఈ యువకుడికి అభిరుచీ, కొంత శక్తీ ఉన్నాయి గాని దారి తప్పాడనీ, ఇటువంటి అంతులేని శ్రేణులతో పడవలసిన జాగ్రత్తలు ఇతనికి తెలియవనీ, బ్రామిచ్ వ్రాసిన ఫలానా పుస్తకం చదవమనీ జవాబు వ్రాశాడు. మనలో చాలామంది ఇంతకూడా చెయ్యరు. అయినా అది తలుపు సగం మూసిన జవాబు. "ఇది ఏ అర్థంలో అంటున్నావు?" అన్న ఒక్క ప్రశ్న అందులో లేదు.

తర్వాత రామానుజన్ కేంబ్రిడ్జి పండితులకు స్వయంగా వ్రాశాడు. ఇద్దరి దగ్గర పని జరగలేదు. 1913 జనవరి 16న మూడో ఆయనకు, హార్డీకి, వ్రాశాడు. పేజీల కొద్దీ సూత్రాలు. వాటికి ఉపపత్తులు లేవు. పాతవేవో కొత్తవేవో విడదీసి చెప్పలేదు. చూడబోతే పెద్ద మూట. హార్డీ తన మిత్రుడు లిటిల్‌వుడ్‌ను పిలిచి, ఇద్దరూ కూర్చుని ఆ మూట విప్పారు. ఫిబ్రవరి 8న హార్డీ జవాబు వ్రాశాడు. సూత్రాలను మూడు కుప్పలు చేశాడు. కొన్ని ఇదివరకే తెలిసినవి, లేదా తెలిసినవాటి నుంచి తేలిగ్గా వచ్చేవి. కొన్ని కొత్తవి, వింతైనవి, కాని అంత ముఖ్యమైనవి కావు. కొన్ని కొత్తవీ, ముఖ్యమైనవీ. అయితే వీటి విలువ ఉపపత్తుల మీద ఆధారపడి ఉంది గనక అవి వెంటనే పంపమన్నాడు.

ఒక తెలుగు మాస్టారుగా ఆ జవాబు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అందులో పొగడ్త తక్కువే. కొంత సరుకు పాతదేనని మొహమాటం లేకుండా చెప్పాడు. కాని ప్రతి సూత్రాన్నీ చదివినట్టు తెలుస్తోంది. ఏది లోపించిందో ఒకే మాటలో ఉంది. అది పంపితే ఇంకా వింటానన్న హామీ ఉంది. ఫిబ్రవరి 27న రామానుజన్ తిరిగి వ్రాస్తూ, తన శ్రమను సానుభూతితో చూసే స్నేహితుడు దొరికాడని సంతోషించాడు. అయినా ఉపపత్తులు మాత్రం పంపలేదు. తన పద్ధతి చెబితే మీరు కూడా లండన్ ఆచార్యుడి దారే పడతారేమోనన్న అనుమానం వెలిబుచ్చాడు. చూశారా, పాత జవాబు ముల్లు ఇంకా గుచ్చుకునే ఉంది! ఆ ముల్లు తీయడానికి హార్డీకి మరికొన్ని ఉత్తరాలు పట్టాయి. 1914లో రామానుజన్ ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మిగతాది అందరికీ తెలిసిందే.

అందరూ రామానుజన్‌లు కారు గదా అంటారు. కారు. కాని ప్రశ్న అడిగిన క్షణంలో ఎవరు ఏమవుతారో మనకి ఎలా తెలుస్తుంది?

ఈ మాటే స్టాఫు రూములో అంటే ఇంకొక సహోద్యోగి ఒప్పుకోలేదు. "మీరిలా బుజ్జగిస్తూ పోతే వాళ్ళకి అడగడం ఎప్పుడు వస్తుంది? ప్రపంచం బుజ్జగిస్తుందా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. వాడు అడగబోయేది మనమే ఊహించుకుని జవాబు చెప్పేస్తే వాడికి నోరు రాదు. పైగా మన ఊహ తప్పు కావచ్చు. అందుచేత ప్రశ్నను దిద్దవలసిందే. దిద్దకుండా వదిలేస్తే అది దయ కాదు, బద్ధకం. కాకపోతే దిద్దేది ప్రశ్నను, అడిగినవాణ్ణి కాదు. "ఏ పాదం గురించి అడుగుతున్నావు?" అంటే ప్రశ్నను దిద్దడం. "నీకు అడగడమే రాదు" అంటే మనిషిని కొట్టడం.

పాతకాలపు గురువులకి ఈ కిటుకు తెలుసు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి దగ్గరికి పోతారు. వారిలో మూడోవాడు కౌసల్యుడు. ప్రాణం ఎక్కడ పుడుతుంది, శరీరంలోకి ఎలా వస్తుంది, ఎలా విభజించుకుంటుంది, ఎలా పోతుంది అంటూ గుక్క తిప్పుకోకుండా మూట విప్పుతాడు. పిప్పలాదుడు ముందు ఒక చురక వేస్తాడు: నీవు మితిమీరిన ప్రశ్నలు అడుగుతున్నావు అని. వెంటనే, నీవు నిష్ఠ గలవాడివి గనక చెబుతాను అంటాడు. తర్వాత వరసగా అన్నిటికీ జవాబు చెబుతాడు. లోపం చెప్పాడు, గుణం చెప్పాడు, జవాబూ చెప్పాడు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ గురుత్వం నిండదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు గార్గిని, అతిగా అడిగితే తల పడిపోతుందని బెదిరించాడు. ఆవిడ ఊరుకుంది. అయితే గార్గి గనక, ఆ సభలోనే మళ్ళీ లేచి, రెండే రెండు ప్రశ్నలు బాణాల్లా పదును పెట్టుకుని వచ్చింది. అందరికీ గార్గి గుండె ఉండదు. మూడో బెంచీ కుర్రవాడికి అసలే ఉండదు.

పైగా ఇప్పటి పిల్లలకి జేబులోనే ఫోను ఉంది. ఏదడిగినా ఏదో ఒకటి చెబుతుంది; విసుక్కోదు, నలుగురిలో నవ్వదు. మనం ఒకసారి నవ్వితే వాళ్ళు మళ్ళీ మన దగ్గరికి రావలసిన అవసరమే లేదు. వాళ్ళకి ఏం అర్థం కాలేదో మనకి తెలిసే దారి కూడా దాంతో మూసుకుపోతుంది.

ఇవన్నీ ఆలోచించుకుని రెండు రోజుల తర్వాత ఆ కుర్రవాణ్ణి వరండాలో పట్టుకున్నాను.

"మొన్న క్లాసులో ఏదో అడిగావు. ఏమిటది?"

"ఏం లేదండి."

"ఉంది. నేను వినిపించుకోలేదు. ఏ పద్యం దగ్గర?"

"ఏం లేదు సార్, ఊరికే."

పుస్తకం తెరిచి చూపమన్నాను. తెరిచాడు. పేజీ దానంతట అదే విచ్చుకుంది. పెన్సిలుతో గీత గీసి ఉంది. ఏనుగు మొర విని కూడా బ్రహ్మాదులు ఊరుకున్నారని పోతన చెప్పిన పద్యం అది. ఏనుగు ఫలానా దేవుడని పేరు పెట్టి పిలవలేదు. అన్నిటికీ మూలమైనవాడెవడో వాడు రావాలన్నది. తాము సర్వమూ కాదు గనక, ఆ పిలుపు తమది కాదని బ్రహ్మాదులు కదల్లేదు. విష్ణువొక్కడే అది తనదే అనుకుని పరుగెత్తాడు. ఈ తాత్పర్యమే నేను ఆ రోజు అర నిమిషంలో చెప్పి పేజీ తిప్పబోయాను.

"ఇప్పుడు అడుగు" అన్నాను.

కాసేపు తటపటాయించాడు. "విన్నారు గదండీ వాళ్ళు. వినీ ఎందుకు ఊరుకున్నారండీ? పేరు పెట్టి పిలవకపోతే రాకూడదాండీ?"

నేను జవాబు వెతుక్కుంటూండగా తనే మళ్ళీ, నేల చూస్తూ, "మా అమ్మమ్మ పింఛను కాగితం కోసం నాలుగుసార్లు ఆఫీసుకి తిరిగిందండీ. ఏ కాగితం కావాలో చెప్పడం ఆవిడకి తెలియదండీ. 'అదే బాబూ, ఆ కాగితం' అంటుంది. సరిగా చెప్పుకో పో అన్నారండీ. అక్కడ అందరూ విన్నారండీ" అన్నాడు.

నేను ఏం మాట్లాడగలను? ఆ వినీ ఊరుకున్నవాళ్ళ వరసలో మొన్న మధ్యాహ్నం నేనూ నిలబడ్డాను. ఊరుకోవడమే కాదు, నవ్వించాను కూడా.

మర్నాడు క్లాసులో పాఠం అక్కణ్ణించే మొదలుపెట్టాను. "మొన్న ఈ అబ్బాయి ఒక ప్రశ్న అడిగాడు. అది పూర్తిగా వినకుండా నేను హాస్యమాడాను. తప్పు నాది. ఆ ప్రశ్న ఇదీ" అని చెప్పాను. అమ్మమ్మ సంగతి చెప్పలేదు. అది నాకు చెప్పుకున్నది. విన్నవాళ్ళు ఎందుకు ఊరుకున్నారన్న దానిమీద పీరియడంతా నడిచింది. భోజనాల తర్వాతి పీరియడే, కాని ఒక్కడూ నిద్రపోలేదు. తన పేరు లేని పిలుపుకి పలకనక్కర్లేదని ఒకడు, తోటి ప్రాణి ఆపదలో ఉంటే పేరేమిటని ఇంకొకడు. చివరి బెంచీలో అమ్మాయి ఒకతె లేచి, "పిలవడం రాకపోయినా వచ్చాడు గనకే ఆయన్ని దేవుడంటున్నారేమో సార్" అన్నది. నా నోట్సులో ఆ మాట లేదు.

గంట కొట్టాక ఆ కుర్రవాణ్ణి పిలిచి, "నీ ప్రశ్న మంచిది. కాని అది నీ నోట్లోంచి సగమే బయటికి వచ్చింది. ఇకమీద అడిగేటప్పుడు మూడు ముక్కలు చెప్పు. ఎక్కడ అడుగుతున్నావో చెప్పు. అక్కడిదాకా నీకేం అర్థమైందో చెప్పు. ఎక్కడ ఆగిపోయావో చెప్పు. ఈ మూడూ చెబితే ఎంత విసుగ్గా ఉన్న మాస్టారైనా వినక తప్పదు" అన్నాను. "ఆఫీసులోనూ అంతే. అమ్మమ్మకి ఏ కాగితం కావాలో మనం ముందు వ్రాసుకుని పోదాం. నేనూ వస్తాను" అన్నాను.

శనివారం నాడు ముగ్గురం పోయాం. ఏమేం కావాలో ఒక కాగితం మీద వరసగా వ్రాసుకుని పోయాం. పని గంటలో అయిపోయింది. బల్లకి అవతల కూర్చున్న గుమాస్తా కూడా చెడ్డవాడేమీ కాదు. రోజుకి ఎంతోమంది "ఆ కాగితం" అంటూ వస్తూంటే ఆయనకీ విసుగే. "ఏ కాగితం అవ్వా, బ్యాంకుదా, ఆధారుదా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ముసలావిడకి నాలుగు తిరుగుళ్ళు తప్పేవి. నేను మాత్రం ఆయన్ని ఏమీ అనలేదు. అనే అర్హత నాకు లేదు.

మొన్న సోమవారం ఆ కుర్రవాడు మళ్ళీ లేచాడు. గొంతు ఇంకా చిన్నదే.

"సార్, ఈ పేజీలో రెండో పద్యం, మూడో పాదం. మొదటి రెండు పాదాలూ అర్థమయ్యాయండీ. మూడో దాంట్లో ఈ మాటకి మీరు చెప్పిన అర్థం పెడితే నాలుగో పాదంతో అతకడం లేదండీ. ఎందుకండీ?"

పుస్తకం చూశాను. మరోసారి చూశాను. నిజంగానే అతకడం లేదు. ఇన్నేళ్ళుగా చెబుతున్న పాఠంలో నేనా సంగతి గమనించనే లేదు.

"నాకు తెలియదోయ్. నిఘంటువు చూసి రేపు చెబుతాను" అన్నాను.

ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు.